పాత కారు అసలు వయసు ఎంత? మీటరు చెప్పని లెక్కలు

జంషెడ్‌పూర్‌లో టాటానగర్ రైల్వే స్టేషన్‌కు దక్షిణం వైపున పర్సుడీహ్ ఉంది. అక్కడ ఉండే ఒక తెలుగు కుటుంబం పాత కారు కొనాలనుకుంటోందని ఊహించుకుందాం. ఇంటాయన రోజూ రైలు పట్టాలు దాటి, ఐదారు కిలోమీటర్ల దూరంలోని బిష్టుపూర్‌కు ఉద్యోగానికి వెళ్తాడు. సంక్రాంతికి మాత్రం అందరూ కలిసి శ్రీకాకుళం దగ్గరి సొంత ఊరికి పోవాలి. ఆ దారి 700 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఉక్కు కర్మాగారంలోనూ, రైల్వేలోనూ పనికి వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగువారికి ఇలాంటి ప్రయాణం కొత్తేమీ కాదు.

అమ్మకానికి వచ్చిన కారు 12 ఏళ్ల నాటి చిన్న పెట్రోలు కారు. ధర లక్షా ఇరవై వేలు. మీటరు మీద 48,000 కిలోమీటర్లు. “తక్కువ తిరిగిన బండి, ఇంజిన్ కొత్తదానిలా ఉంది” అని అమ్మేవాడి మాట. మీటరు నిజమే చెబుతోందనుకుందాం. అయినా ఆ మాటను నమ్మవచ్చా?

48,000ను 12తో భాగిస్తే ఏడాదికి 4,000 కిలోమీటర్లు. అంటే రోజుకు సుమారు 11 కిలోమీటర్లు. ఈ కారు తన జీవితమంతా ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి చిన్న చిన్న ప్రయాణాలే చేసింది. ఇంజిన్‌కు అది మేలు అనుకుంటాం కానీ, చాలా విషయాల్లో కీడే చేస్తుంది. ఎందుకో తెలియాలంటే కారు ఎలా ముసలిదవుతుందో చూడాలి.

ఒకే కారులో మూడు గడియారాలు

పర్సుడీహ్ నుంచి చూస్తే స్టేషన్‌కు అవతలి వైపున, బర్మామైన్స్‌లో జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల ఉంది. 1950లో ప్రారంభమైన ఈ సంస్థ చేసే పనుల్లో ‘మిగిలిన ఆయుష్షు’ అంచనా ఒకటి. ఏళ్ల తరబడి వేడిలో, ఒత్తిడిలో పనిచేసిన ఒక బాయిలర్ గొట్టం ఇంకెన్నాళ్లు నమ్మకంగా పనిచేస్తుంది? ఈ ప్రశ్నకు గొట్టాన్ని అమర్చిన తేదీ ఒక్కటే జవాబు చెప్పదు. అది ఎంత వేడిని చూసింది, ఎన్నిసార్లు వేడెక్కి చల్లారింది, ఎంత తుప్పు పట్టింది అని కూడా చూడాలి.

పాత కారునూ ఇదే చూపుతో చూడాలి. కారులో కనీసం మూడు గడియారాలు వేర్వేరుగా నడుస్తుంటాయి.

మొదటిది క్యాలెండర్. కారు షెడ్డులో కదలకుండా ఉన్నా సరే రబ్బరు గొట్టాలు, బెల్టులు, బుష్‌లు, టైర్లు గాలిలోని ఆక్సిజన్‌తో, ఓజోన్‌తో, వేడితో గట్టిపడి పగుళ్లు తేలతాయి. బ్రేకు ద్రవం, కూలెంట్, బ్యాటరీ కూడా కాలంతో పాటే పాడవుతాయి.

రెండోది దూరం. బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, టైరు గుబ్బలు, బేరింగులు తిరిగినకొద్దీ అరుగుతాయి. మీటరు చూపేది ఈ ఒక్క గడియారాన్నే.

మూడోది ఆవృత్తుల లెక్క. ఇంజిన్ ఎన్నిసార్లు చల్లగా మొదలై వేడెక్కింది, చక్రం ఎన్ని గుంతల్లో పడి లేచింది అన్న లెక్క. సన్నని తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగిపోయినట్టే, లోహం పదేపదే వచ్చే భారానికి అలసిపోతుంది.

మన 48,000 కిలోమీటర్ల కారులో రెండో గడియారం నెమ్మదిగా నడిచింది. మొదటిది, మూడోది మాత్రం ఆగలేదు.

వందల్లో మొదలై వేలల్లో తేలే జబ్బు

పాత కారు దారిలో నిలిచిపోవడానికి ముఖ్య కారణాల్లో ఇంజిన్ అతిగా వేడెక్కడం ఒకటి. పెట్రోలులోని శక్తిలో చక్రాలకు చేరేది కొంతే. పెద్ద వాటా వేడిగా మారి, కొంత సైలెన్సర్ గుండా, కొంత కూలెంట్ ద్వారా రేడియేటర్ నుంచి బయటికి పోవాలి.

కూలెంట్ అంటే రంగు కలిపిన నీళ్లు కాదు. నీటిలో ఇథిలీన్ గ్లైకాల్‌ను, తుప్పును ఆపే రసాయనాలను కలిపిన ద్రవం. రేడియేటర్ మూత ఈ ద్రవాన్ని ఒత్తిడిలో ఉంచుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో నీరు 100 డిగ్రీలు దాటాకే మరిగినట్టు, ఇక్కడ కూడా మరిగే స్థానం 120 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మూతలోని చిన్న రబ్బరు వాషరు పాడైతే ఒత్తిడి నిలవదు. అప్పుడు ద్రవం ముందే మరిగి బయటికి పోతుంది. కూలెంట్ తగ్గిన ప్రతిసారీ కుళాయి నీళ్లు పోస్తూ వచ్చిన కారులో తుప్పు, సున్నపు పొర చేరి రేడియేటర్ సన్నని గొట్టాలు మూసుకుపోతాయి.

ఇది రోజూ ఐదారు కిలోమీటర్లు తిరిగినప్పుడు బయటపడదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది. బయటపడేది సంక్రాంతి ప్రయాణంలో, నలుగురు మనుషులు, సామాను, ఏసీతో హైవే మీద గంటల తరబడి నడిపినప్పుడు.

అతిగా వేడెక్కితే ఏమవుతుంది? చాలా పాత ఇంజిన్లలో కింది దిమ్మె పోత ఇనుముతో, పైనున్న హెడ్ అల్యూమినియంతో చేసి ఉంటాయి. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. 400 మిల్లీమీటర్ల పొడవున్న హెడ్ 60 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.55 మిల్లీమీటర్లు పెరగాలని చూస్తుంది. కింది ఇనుము 0.26 మాత్రమే పెరుగుతుంది. మామూలు వేడిలో ఈ తేడాను మధ్యనున్న గ్యాస్కెట్ తట్టుకుంటుంది. వేడి హద్దు దాటితే బోల్టుల మధ్య బిగుసుకున్న హెడ్ వంగిపోతుంది. చల్లారాక కూడా ఆ వంపు పూర్తిగా పోదు. చాలా ఇంజిన్లలో హెడ్ అడుగు తలానికి అనుమతించే వంపు 0.05 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అంతకు మించితే గ్యాస్కెట్ కారి, కూలెంట్ సిలిండర్‌లోకో ఆయిల్‌లోకో చేరుతుంది.

ఖర్చు చూడండి. రేడియేటర్ మూత, గొట్టాలు, థర్మోస్టాట్, కొత్త కూలెంట్ కలిపి చిన్న కారుకు సుమారు 3,000 రూపాయలు. హెడ్ విప్పి, లేత్ షాపులో ఫేసింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేస్తే 12,000 నుంచి 20,000. వేడెక్కిన ఇంజిన్‌ను ఆపకుండా నడిపి పిస్టన్లు పట్టేస్తే పూర్తి ఓవర్‌హాల్‌కు 40,000 నుంచి 60,000 వరకు కావచ్చు. ఈ వ్యాసంలోని ధరలన్నీ చిన్న పెట్రోలు కారుకు ఉజ్జాయింపుగా వేసినవి. ఊరినీ, మోడల్‌నూ, మిస్త్రీనీ బట్టి మారతాయి. గుర్తుంచుకోవాల్సింది అంకెలను కాదు, వాటి మధ్య ఉన్న నిష్పత్తిని.

ఉష్ణోగ్రత ముల్లు ఎరుపు వైపు పోతే వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకండి. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గడంతో ద్రవం భగ్గున ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

చిన్న ప్రయాణం, తడిసిన ఆయిల్

ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. వింతగా అనిపించినా లెక్క సులభమే. పెట్రోలులోని హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చేది నీరే. చలికాలం ఉదయం సైలెన్సర్ నుంచి కాసేపు వచ్చే తెల్లటి ఆవిరి అదే.

ఈ ఆవిరిలో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా పోతుంది. కొంచెం పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఇంజిన్ ఆయిల్‌లో చేరుతుంది. మండని పెట్రోలు కూడా కొంత కలుస్తుంది. దూరం వెళ్లే కారులో ఆయిల్ బాగా వేడెక్కి ఈ తడిని బయటికి తరిమేస్తుంది. రోజుకు రెండుసార్లు ఐదారు కిలోమీటర్లు తిరిగే కారులో ఆ వేడి రాదు. కూలెంట్ కంటే ఆయిల్ నెమ్మదిగా వేడెక్కుతుంది. ఆయిల్ పలచబడుతుంది, అందులో ఆమ్లాలు పేరుకుంటాయి, బురదలాంటి మడ్డి తయారవుతుంది. ఆ మడ్డి సన్నని ఆయిల్ దారులను మూసేస్తే బేరింగులు ఎండిపోయి అరుగుతాయి. సైలెన్సర్ కూడా లోపల నీరు నిలిచి లోపలి నుంచే తుప్పు పడుతుంది.

అందుకే ఆయిల్ మార్పు సూచనల్లో దూరంతో పాటు కాలం కూడా ఉంటుంది. ‘10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది’ అన్న తరహా సూచనను మన కారుకు అన్వయిస్తే, ఏడాదికి 4,000 కిలోమీటర్లే తిరిగినా ప్రతి ఏడూ ఆయిల్ మార్చి ఉండాలి. మూడేళ్లకోసారి మార్చారంటే ‘తక్కువ తిరిగింది’ అన్న గొప్పకు అర్థం లేదు. ఆయిల్, ఫిల్టర్ కలిపి సుమారు 2,500 రూపాయలు. పాత కారు కొన్నవారు చేయించాల్సిన మొదటి పని ఇదే. పాత బిల్లులు చూపించమని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

కనబడకుండా తెగే బెల్టు

ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వులు ఒకే తాళంలో కదలాలి. కొన్ని మోడళ్లలో ఈ పని గొలుసు చేస్తుంది, కొన్నింటిలో పళ్లున్న రబ్బరు బెల్టు చేస్తుంది. బెల్టుకు రెండు గడువులుంటాయి, దూరానిదొకటి, ఏళ్లదొకటి. దూరం గడువు తీరలేదని చాలామంది ఏళ్ల గడువును మరిచిపోతారు. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే వాల్వులు కిందికి దిగి ఉండగానే పిస్టన్ పైకొచ్చి వాటిని గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి. బెల్టు, దాన్ని బిగించే రోలరు కలిపి మార్చడానికి 5,000 రూపాయల దాకా అవుతుంది. తెగాక బాగు చేయించాలంటే 20,000 దాటవచ్చు. తెగే ముందు అది పెద్దగా చప్పుడు చేయదు. కాబట్టి చివరిసారి ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి.

నీరు తాగే బ్రేకు ద్రవం

బ్రేకు పెడల్ తొక్కినప్పుడు మన కాలి బలాన్ని చక్రాలకు చేర్చేది ఒక ద్రవం. ద్రవాలు ఒత్తిడికి కుంచించుకుపోవన్న సూత్రం మీదే ఇది నడుస్తుంది. కానీ మామూలు బ్రేకు ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అదే ద్రవంలో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది.

మనుషులతో కలిపి 1,100 కిలోలున్న కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుండగా బ్రేకు వేసి పూర్తిగా ఆపితే, బ్రేకుల్లో పుట్టే వేడితో సుమారు 900 మిల్లీలీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే స్థాయికి తేవచ్చు. ఒక ఘాట్ దిగేటప్పుడో, లారీల మధ్య పదేపదే బ్రేకు వేసినప్పుడో ఆ వేడి పోగవుతుంది. తడిసిన ద్రవం మరిగి బుడగలు వస్తే, బుడగలు కుంచించుకుపోతాయి కాబట్టి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బ్రేకు మాత్రం పడదు. ద్రవం మార్చడానికి అయ్యేది వెయ్యి లోపే. ముందు ప్యాడ్లకు మరో రెండు వేలు. పాత కారు మీద పెట్టే డబ్బులో ఇంత తక్కువకు ఇంత రక్షణ ఇచ్చేది మరొకటి లేదు.

గుంతలు, రబ్బరు, తుప్పు

చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్‌ల చివర రబ్బరు బుష్‌లుంటాయి. పన్నెండేళ్ల రబ్బరు గట్టిపడి పగులుతుంది. గుంతలో పడినప్పుడు ‘టక్’మన్న శబ్దం, స్టీరింగ్ ఒక పక్కకు లాగడం దీని గుర్తులు. బుష్ ఒక్కోటి వందల్లోనే దొరుకుతుంది. బిగింపు, చక్రాల అలైన్‌మెంట్ కలిపి 3,500 దాకా కావచ్చు. వదిలేస్తే కొత్త టైర్లు కూడా ఒక పక్కనే అరిగిపోతాయి.

టైరు గుబ్బలు లోతుగా ఉన్నాయని మురిసిపోవద్దు. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి. ‘2316’ అని ఉంటే అది 2016 సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. అంత పాత టైరు అరగకపోయినా హైవే ప్రయాణానికి పనికిరాదు. నాలుగు టైర్లకు సుమారు 14,000.

ఇక తుప్పు. ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ చాలు. గాలిలో తేమ 60, 70 శాతం దాటితే వేగం బాగా పెరుగుతుంది. జంషెడ్‌పూర్ వానాకాలంలో తేమ చాలా రోజులు దీనికి మించే ఉంటుంది. పారిశ్రామిక గాలిలోని దుమ్ము, గంధకపు వాయువులు తోడైతే లోహం మీది నీటి పొర ఆమ్లంగా మారుతుంది. తలుపుల అడుగు, చక్రాల పైకప్పు లోపలి అంచు, కాళ్ల కింది నేల ముందుగా తింటాయి. అంతకంటే ప్రమాదకరం, సస్పెన్షన్ బిగించిన చోట తుప్పు. తుప్పు చేసిన చిన్న గుంట దగ్గర ఒత్తిడి కేంద్రీకృతమై, ప్రతి కుదుపుకూ పగులు కాస్త కాస్త పెరుగుతుంది. పైన రంగు వేసి దీన్ని దాచవచ్చు కానీ బాగు చేయలేం. ఇంజిన్‌ను విప్పి బాగు చేయవచ్చు, కుళ్లిన చట్రాన్ని నమ్మకంగా బాగు చేయడం కష్టం.

కొత్త పెట్రోలు, పాత గొట్టాలు

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. దీన్నే ఈ20 అంటారు. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. 20 శాతంలో మూడో వంతు అంటే సుమారు ఆరున్నర శాతం. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి, 10 శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ప్రణాళికా పత్రం కూడా అంచనా వేసింది. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారు 17 ఇస్తే మిస్త్రీని తప్పుపట్టాల్సిన పని లేదు.

పట్టించుకోవాల్సింది గొట్టాలను. ఈ20కి తగిన రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లలో ఉన్నాయి. పన్నెండేళ్ల నాటి పెట్రోలు గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌కు ఉబ్బవచ్చు, పగలవచ్చు. కారులో పెట్రోలు వాసన వస్తుంటే మైలేజీ మాట పక్కనపెట్టి ముందు గొట్టాలు చూపించండి. అది నిప్పుకు సంబంధించిన విషయం. ఇథనాల్ నీటిని కలుపుకుంటుంది కాబట్టి కారును నెలల తరబడి సగం ట్యాంకుతో నిలిపి ఉంచకపోవడం మేలు.

కొనే ముందు ఒక గంట

కారును చూడటానికి వెళ్లే ముందే ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి చెప్పండి. చేత్తో తాకితే ఇంజిన్ చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారేమోనని అనుమానించవచ్చు.

చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి చూడండి. తుప్పు రంగు నీళ్లుంటే నిర్లక్ష్యానికి గుర్తు. ఆయిల్ మూత కింద పాల మీగడలాంటి నురగ ఉంటే అది రెండు విధాలుగా రావచ్చు. చిన్న ప్రయాణాల తడి ఒకటి, హెడ్ గ్యాస్కెట్ లీకు రెండోది. కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే రెండోదే.

స్టార్ట్ చేశాక పొగ రంగు చూడండి. నీలం పొగ ఆయిల్ మండుతోందని చెబుతుంది. నల్ల పొగ పెట్రోలు ఎక్కువవుతోందని. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగని దట్టమైన తెల్ల పొగ కూలెంట్ మండుతోందని. తర్వాత కనీసం అరగంట నడపండి, కొంత ఏసీ వేసి, కొంత ట్రాఫిక్‌లో. ఉష్ణోగ్రత ముల్లు మధ్యలో నిలబడాలి, ఫ్యాను తిరిగి ఆగాలి. తలుపుల అడుగున చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అది అంటుకోని చోట రంగు కింద పుట్టీ ఉందన్నమాట. చివరగా ఒక మిస్త్రీ చేత కారును పైకి లేపించి అడుగు భాగం చూపించండి. ఆ తనిఖీకి ఇచ్చే కొన్ని వందలు వృథా కావు.

కాగితాలూ చూడాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్షకు పెట్టి ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల్లో కార్ల పునరుద్ధరణ రుసుము 5,000 రూపాయలు చేశారు. మన కారుకు ఆ గడువు మూడేళ్లలో వస్తుంది.

మరి కొనాలా, వద్దా?

పర్సుడీహ్ కుటుంబం లెక్క ఇలా వేసుకోవచ్చు. కూలెంట్, గొట్టాలు 3,000. ఆయిల్, ఫిల్టర్ 2,500. టైమింగ్ బెల్టు 5,000. బ్రేకు ద్రవం, ప్యాడ్లు దాదాపు 2,600. బుష్‌లు, అలైన్‌మెంట్ 3,500. మొత్తం 16,600. టైర్లు పాతవైతే మరో 14,000 కలిపి 30,600. అంటే కారు అసలు ధర లక్షా ఇరవై కాదు, లక్షన్నర. చేతిలో లక్షా ఇరవై మాత్రమే ఉంటే ఇంకాస్త తక్కువ ధర కారు చూసుకోవాలి, లేదా ఈ జాబితా ముందుపెట్టి బేరమాడాలి. అన్నీ ఒకే నెలలో కుదరకపోతే బ్రేకులు, కూలెంట్, బెల్టు ముందు. టైర్లు మార్చేదాకా ఊరి ప్రయాణం ఆగాలి. డెంటింగ్, పెయింటింగ్, మ్యూజిక్ సిస్టమ్ చిట్టచివర.

చట్రంలో తుప్పు, హెడ్ గ్యాస్కెట్ లీకు, కుదరని కాగితాలు, ఈ మూడింటిలో ఏది కనబడినా ధర ఎంత తగ్గించినా వదిలేయడమే మంచిది. మిగతావన్నీ బాగుచేసుకోదగ్గవే.

కొన్నాక ఒక చిన్న నోటుపుస్తకం కారులో ఉంచండి. ఏ భాగం ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో రాసుకోండి. మీటరు చూపేది దూరాన్నే. తేదీల లెక్క మాత్రం ఆ పుస్తకంలోనే దొరుకుతుంది. సంక్రాంతికి నలుగురినీ ఎక్కించుకుని బయల్దేరే ముందు రోజు దాన్ని ఒకసారి తిరగేస్తే, ఈ బండి 700 కిలోమీటర్లకు సిద్ధంగా ఉందో లేదో మీకే తెలుస్తుంది.